అణుచెత్తకు వెట్టి ఎవరు చెయ్యాలి?

ఊళ్ళో గొడ్డు చస్తే మాదిగపల్లెకు కబురొచ్చేది. కాలవ పూడితే మాలపల్లెకు కబురొచ్చేది. ఆ గొడ్డు ఎవరిది, కాలవలోకి పారిన మురుగు ఎవరిదని అడిగినవాడు లేడు. పుట్టించే చెయ్యి ఒకటి, ఎత్తే చెయ్యి ఇంకొకటి. ఈ లెక్క మనకు ఎవరూ బళ్ళో నేర్పలేదు. తాతల కాలంనుంచి మన ఒంటిమీదే రాసివుంది. ఇప్పుడొక కొత్తరకం చెత్త తయారైంది. దాన్ని కాపలా కాయాల్సింది ఒక తరమో రెండు తరాలో కాదు, వేల ఏళ్ళు. ఆ కాపలా వెట్టి ఎవరి నెత్తిన పడుతుందో ఇప్పుడే అడగాలి. తర్వాత అడుగుదాంలే అనుకుంటే, అప్పటికే దాన్ని మన గుమ్మంలో దించేసి పోయివుంటారు.

అణుకేంద్రాల చెత్త గురించి మన పత్రికలో ఎందుకని కొందరు మిత్రులు అడిగారు. భూమి సమస్య వుంది, దాడులున్నాయి, శ్మశానం దారి గొడవలున్నాయి, ఇది సైంటిస్టుల సంగతి గదా అన్నారు. మేం ఒప్పుకోం. చెత్త ఎక్కడ పొయ్యాలి, ఎవరి ఇళ్ళ పక్కన పొయ్యాలి, ఎవరిచేత ఎత్తించాలి అనేవి ఈ దేశంలో ఏనాడూ సైన్సు ప్రశ్నలు కావు. అవి కులం ప్రశ్నలు. సైన్సు దగ్గరికి కూడా వద్దాం, దాన్నుంచి తప్పించుకునే పని లేదు.

రియాక్టరులో యురేనియం కాలిపోయాక మిగిలే బూడిదలాంటిది ఈ చెత్త. కట్టెల బూడిదైతే తెల్లారేసరికి చల్లారుతుంది, ఇది చల్లారదు. ఇందులో సీజియం, స్ట్రాన్షియం అనేవి వున్నాయి. ఇవి దాదాపు 30 ఏళ్ళకొకసారి సగమవుతాయి. అంటే ముప్పై ఏళ్ళకు సగం, అరవయ్యికి పావు, అట్లా పోగా పోగా మూడు వందల ఏళ్ళకు వెయ్యో వంతుకు వస్తాయి. ప్లుటోనియం సగం కావడానికి 24 వేల ఏళ్ళు పడుతుంది. 24 వేల ఏళ్ళ కింద ఈ భూమ్మీద ఊరు లేదు, సేద్యం లేదు, మనువూ లేడు. అంతకాలం ముందుకు చూసి కాపలా పెట్టాలన్నమాట.

సరే, దాన్ని దేంట్లో దాచారు? ఇనప టాంకుల్లో, సిమెంటు గదుల్లో, నీళ్ళ తొట్లలో, మట్టికట్టల మధ్య చెరువుల్లో. కాలనీ ఇళ్ళల్లో వుండే మనకు సిమెంటు సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. కప్పు వేసిన పదిహేను ఇరవై ఏళ్ళకు చెమ్మ దిగుతుంది. లోపలి కడ్డీ తుప్పు పట్టి ఉబ్బుతుంది, ఉబ్బిన కడ్డీ సిమెంటును పగలగొడుతుంది, పెచ్చు ఊడి పడుకున్నవాళ్ళ మీద పడుతుంది. అణుచెత్త దాచిన సిమెంటు మరీ నాసిరకం కాదులెండి, కాంట్రాక్టరు ఇసుకెక్కువ కలిపినది కాదు. కానీ అదీ సిమెంటే, అదీ ఇనుమే. పైగా దాని కడుపులో వేడి వుంది, ఉప్పు వుంది, నిద్రపోని కిరణాలున్నాయి. వాల్వులు అరుగుతాయి, రబ్బరు వాషర్లు గట్టిపడి పగులుతాయి. కరెంటు వైర్ల పైతొడుగు పెళుసెక్కుతుంది. లోపల ఏం జరుగుతోందో చెప్పే మీటర్లు ముందుగా చెడిపోతాయి. చెత్త ఆయుష్షు వేల ఏళ్ళు, సంచి ఆయుష్షు ముప్పయ్యో యాభయ్యో ఏళ్ళు. ఈ రెంటి మధ్య తేడాను ఎవరు మోస్తారన్నదే మా ప్రశ్న.

ప్రపంచంలో అందరికంటే డబ్బున్న దేశం ఈ తేడాను ఎట్లా మోసిందో చూద్దాం. అమెరికాలో వాషింగ్టన్ అని ఒక రాష్ట్రం వుంది, రాజధాని వాషింగ్టన్ కాదు, పడమటి కోస్తాలో వుండేది. అక్కడ కొలంబియా నది ఒడ్డున హాన్‌ఫర్డ్ అనే చోటును 1943లో సర్కారు స్వాధీనం చేసుకుంది. బాంబు కోసం. నాగసాకి మీద 1945 ఆగస్టు 9న వేసిన బాంబులోని ప్లుటోనియం అక్కడ తయారైందే. అక్కడున్న రైతులకు నెల రోజులు గడువిచ్చి వెళ్ళగొట్టారు. చలికాలం ఆ నది ఒడ్డునే గడిపే వానపమ్ ఆదివాసుల్ని కూడా తరిమారు. 1855 ఒప్పందంలో యాకమా ఆదివాసులకు ఆ చుట్టుపక్కల చేపలు పట్టుకునే హక్కు, వేటాడే హక్కు రాసిచ్చారు. రాసిచ్చిన కాగితం అట్లాగే వుంది, నేల మాత్రం ముళ్ళకంచె లోపలికి పోయింది. భూములు పోయేటప్పుడు ముందు ఎవరివి పోతాయో అమెరికాలోనూ మన దగ్గరా పెద్ద తేడా లేదు.

ప్లుటోనియం తీసుకున్నాక మిగిలిన విషద్రవాన్ని నేలలో పాతిన టాంకుల్లో పోశారు. మొత్తం 177 టాంకులు. అందులో 149 ఒంటిగోడ టాంకులు, 1943 నుంచి 1964 దాకా కట్టినవి. పెద్ద టాంకు అడ్డుకొలత 75 అడుగులు, మన బడి కట్టడం మొత్తం అందులో దిగిపోతుంది. ఆ చెత్త ఆమ్లం, మామూలు ఇనుమును తినేస్తుంది. తుప్పుపట్టని ఉక్కుతో టాంకులు కట్టాల్సింది. యుద్ధకాలం, ఆ ఉక్కు కరువు, ఖర్చెక్కువ. అందుకని మామూలు ఉక్కుతోనే కట్టి, చెత్తలో సోడా క్షారం కుమ్మరించి ఆమ్లాన్ని చంపారు. దాంతో చెత్త ఇంకా పెరిగింది, అడుగున బురదగా, ఉప్పుగడ్డగా పేరుకుంది. ఇవాళ దాన్ని బయటికి తోడటం ఇంత కష్టం కావడానికి ఆ రోజు చేసిన పొదుపే కారణం. పొదుపు చేసినవాళ్ళు మెడళ్ళు పెట్టుకుని రిటైరయ్యారు.

ఆ టాంకులకు అప్పట్లో అనుకున్న ఆయుష్షు ఇరవై, పాతికేళ్ళు. ఈలోగా ఇంకేదన్నా మంచి దారి దొరక్కపోతుందా అనుకున్నారు. దారి దొరకలేదు, టాంకులు మాత్రం 1950ల చివరికే కారడం మొదలుపెట్టాయి. 67 టాంకులు కారివుంటాయని అక్కడి అధికారులే లెక్క చెప్పారు. దాదాపు 10 లక్షల గ్యాలన్లు, అంటే 38 లక్షల లీటర్లు, మట్టిలోకి దిగింది. తర్వాత తెలివి తెచ్చుకుని 1968 నుంచి 1986 దాకా రెండు గోడల టాంకులు 28 కట్టారు. ఇవి కారవన్నారు. 2012లో వాటిలో ఒకదాని లోపలి గోడ కారుతున్నట్టు తేలింది. దాన్ని ఖాళీ చెయ్యడానికి 2017 దాకా పట్టింది. ఒంటిగోడ టాంకుల్లో ఇంకొకటి కారుతోందని 2021లో ప్రకటించారు. దశాబ్దాల పాటు టాంకుల్లో నిలవున్న మొత్తం సరుకు 5 కోట్ల 60 లక్షల గ్యాలన్లు, మన లెక్కలో 21 కోట్ల లీటర్లు.

ఈ సరుకును కరిగిన గాజులో కలిపి దిమ్మెలుగా పోసేస్తే మట్టిలోకి కారదు. ఇది మంచి పద్ధతే, మేం కాదనం. ఆ గాజు ఫ్యాక్టరీ కట్టడం 2002లో మొదలుపెట్టారు. గాజు పొయ్యడం మొదలైంది 2025లో, అదీ తక్కువ తీవ్రత వున్న చెత్తతో. ఇరవైమూడేళ్ళు! ఫ్యాక్టరీ కట్టే లోపల టాంకులు ఇంకో ఇరవైమూడేళ్ళు ముసలివయ్యాయి.

అదే హాన్‌ఫర్డ్‌లో 1950లలో కట్టిన ఒక సొరంగం వుండేది. కలుషితమైన యంత్రాల్ని రైలు పెట్టెలకెక్కించి, ఆ పెట్టెల్తో సహా సొరంగంలోకి తోసి, మూతేసి, పైన మట్టి కప్పారు. సొరంగానికి ఆధారం కొయ్య దూలాలు! 2017 మే 9న దాని కప్పు ఇరవై అడుగుల మేర కూలింది. పనివాళ్ళను కట్టడాల్లోంచి బయటికి రావొద్దన్నారు, గుంటలో మట్టి పోసి, తర్వాత సొరంగమంతా సిమెంటుపాలు నింపారు. ఆ దూలాలు ఎన్నాళ్ళు నిలుస్తాయో తెలియనంత అమాయకులు కారు వాళ్ళు. మూతేశాక ఎవరూ తొంగిచూడలేదు, అంతే. కంటికి కనపడని చెత్త మనసుకూ కనపడదు.

మరి ఆ టాంకుల మీద పనిచేసేదెవరు? అక్కడ కూడా కాంట్రాక్టు కార్మికులే. టాంకుల ఆవిర్లు పీల్చి రోగాలపాలయ్యామని ఏళ్ళ తరబడి మొత్తుకున్నారు. రోగం పనివల్లే వచ్చిందని కార్మికుడే రుజువు చెయ్యాలన్నారు. దాన్ని తిరగేసి, ఫలానా రోగాలొస్తే పనివల్లే వచ్చినట్టు భావించాలని ఆ రాష్ట్రం 2018లో చట్టం చేసింది. 2022లో అమెరికా సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది, కేంద్ర ప్రభుత్వం మీద రాష్ట్రం వివక్ష చూపిందట! తీర్పు రాకముందే రాష్ట్రం చట్టంలో మాటలు మార్చుకుని మళ్ళీ నిలబెట్టుకుంది. పోరాడిన యూనియన్లున్నాయి కాబట్టి అదన్నా జరిగింది.

చూసుకోకపోతే ఏమవుతుందో రష్యా చూపించింది. ఉరల్ కొండల్లో మయాక్ అనే చోట ఒక చెత్త టాంకును చల్లబరిచే ఏర్పాటు చెడిపోయింది, దాన్ని బాగుచెయ్యలేదు. లోపలి సరుకు ఎండి, వేడెక్కి, 1957 సెప్టెంబరు 29న పేలిపోయింది. నూట అరవై టన్నుల సిమెంటు మూత ఎగిరిపోయింది. పదివేల మందికి పైగా ఊళ్ళు వదిలి పోవాల్సొచ్చింది. అందులో తాతార్లు, బష్కీర్లు ఎందరో. ఎందుకు పొమ్మంటున్నారో చాలామందికి చెప్పనే లేదు. సోవియట్ సర్కారు ఈ సంగతి ఒప్పుకున్నది 1989లో. ముప్పైరెండేళ్ళు నోరు మూసుకుని కూర్చుంది. కార్మికవర్గ రాజ్యమని చెప్పుకున్నదే ఇట్లా చేస్తే మన దగ్గరి రాజ్యం సంగతి వేరే చెప్పాలా.

జర్మనీవాళ్ళు భూమి లోపల పెడితే భద్రమనుకున్నారు. ఆస్సే అనే పాత ఉప్పుగనిలో 1967 నుంచి 1978 దాకా లక్షా 26 వేల పీపాలు దించారు. ఉప్పుండే చోటికి నీళ్ళు రావన్నారు. వచ్చాయి. రోజుకు పన్నెండువేల లీటర్ల దాకా దిగుతున్నాయి. ఆ పీపాలన్నీ మళ్ళీ బయటికి తియ్యాలని 2013లో చట్టం చేసుకున్నారు. పెట్టిన చెయ్యి ఒక తరానిది, తీసే చెయ్యి వాళ్ళ మనవలది.

ఇంక మన దగ్గరికి వద్దాం. మన దేశంలోనూ తారాపూరు, ట్రాంబే, కల్పాక్కంలలో తీవ్రమైన చెత్తను గాజులో పోసే ప్లాంట్లున్నాయి. ఏమాటకామాట, ఆ పని తెలిసిన ఇంజనీర్లు మన దగ్గరున్నారు, తీవ్రమైన చెత్త పరిమాణంలో తక్కువే అని వాళ్ళు చెప్పేదీ అబద్ధం కాదు. కానీ గాజు దిమ్మెల్ని శాశ్వతంగా పెట్టే చోటు ఈ దేశంలో లేదు. తాత్కాలికంగా నేలమీది సిమెంటు గదుల్లో పెట్టి గాలితో చల్లబరుస్తున్నారు. తాత్కాలికం అనే మాట మనకు బాగా అలవాటైన మాట. తాత్కాలిక టీచరు, తాత్కాలిక షెడ్డు, తాత్కాలిక పట్టా.

కల్పాక్కంలో 2003 జనవరి 21న ఏమైంది? చెత్త శుద్ధిచేసే చోట ఒక వాల్వు చెడింది. తీవ్రమైన చెత్త తక్కువ తీవ్రత చెత్తవుండే టాంకులోకి పోయింది. ఆ సంగతి చెప్పే మీటరు అక్కడ లేదు. నమూనా తియ్యడానికి పోయిన ఆరుగురు ఉద్యోగులకు ఎక్కువ మోతాదు తగిలింది. ఆ ప్లాంటు అప్పటికి ముసలిదేం కాదు, కొన్నేళ్ళ కింద మొదలైందే. వయసులో వున్నప్పుడే ఇట్లా వుంటే నలభై ఏళ్ళు దాటాక ఏంటి?

పోనీ, ముసలితనానికి ఏర్పాట్లు చేశారా అంటే, అడిగింది మేం కాదు, కాగ్. 2012లో ఇచ్చిన నివేదికలో, అణుకేంద్రాలు మూతపడేటప్పుడు ఏం చెయ్యాలో ప్రణాళిక రాసుకోమని నియంత్రణ బోర్డు చెప్పి 13 ఏళ్ళయినా ఒక్క కేంద్రానికీ ప్రణాళిక లేదని కాగ్ రాసింది. ముప్పై ఏళ్ళుగా నడుస్తున్న వాటికీ లేదు, ఆగిపోయిన వాటికీ లేదు. ఆ పనికోసం యూనిట్‌కు రెండు పైసలు పక్కన పెడుతున్నారట. ఆ రెండు పైసలు 1991లో అనుకున్నవి, తర్వాత మార్చనే లేదు. 1991లో బస్సు టికెట్టు ఎంతుండేదో ఎవరికైనా గుర్తుందా?

కోలారు కథ మన వాళ్ళందరికీ తెలియాలి. కోలారు బంగారు గనుల్లో దిగి చచ్చినవాళ్ళలో ఎక్కువమంది దళితులు. తమిళ దళితులు, మన చిత్తూరు వైపునుంచి పోయిన మాలమాదిగలు. మూడు కిలోమీటర్ల లోతుకు దిగి, ఊపిరితిత్తుల్నిండా రాతిపొడి నింపుకుని, తెల్లదొరలకూ తర్వాత మన దొరలకూ బంగారం తవ్విపెట్టారు. 2001లో గనులు మూసేశారు. మూసిన గనిలో 1980లలోనే అణుచెత్త వేడికి రాయి ఎట్లా వుంటుందో చూసే ప్రయోగం చేసివున్నారు. 2012 నవంబరులో కూడంకుళం కేసులో చెత్త ఎక్కడ పెడతారని సుప్రీంకోర్టు అడిగితే, ప్రభుత్వం తరఫునుంచి కోలారు గనుల పేరొచ్చింది. కోలారు జనం రోడ్డెక్కారు, బందు చేశారు. వెంటనే కేంద్రం అట్లాంటి ఆలోచనేం లేదంది.

ఆలోచన లేకుండా పేరెట్లా వచ్చింది? రాయి గుణం చూశామంటారు. చూసేవుంటారు, కాదనం. కానీ దేశంలో రాయి ఒక్క కోలారులోనే లేదు. పని అయిపోయిన మనుషులుండే చోటు, పలుకుబడిలేని మనుషులుండే చోటు ఎప్పుడూ పెద్దలకు ఖాళీగా కనపడుతుంది. ఊరవతలి బంజరు లాగా. ఆ గనుల పక్కనే సైనైడు కలిసిన తవ్వుమట్టి గుట్టలు పదమూడున్నాయి. మూడు కోట్ల టన్నులకు పైగా మట్టి. గాలొస్తే ఆ దుమ్ము కాలనీ ఇళ్ళ మీద, బియ్యం చాటల మీద పడుతుంది. కంపెనీ పోయింది, జీతాలు పోయాయి, గుట్టలు మాత్రం వాళ్ళకే మిగిలాయి. అణుచెత్త కాని మామూలు చెత్త సంగతే ఇట్లా వుంది, గనిమూసిన పాతికేళ్ళకు.

ఇంక కడప జిల్లా. వేముల మండలం తుమ్మలపల్లెలో యురేనియం గనికి 2007లో పునాదిరాయి వేశారు, 2012లో మిల్లు నడిచింది. రాయిని పిండిచేసి, క్షారంతో యురేనియం తీసుకుని, మిగిలిన బురదను గొట్టాల్లో పంపి ఒక చెరువులో పోస్తారు. ఆ బురదనుంచి యురేనియం తీసేశారు గదా, ఇంకేం భయం అంటారు. ఇది తెలిసి చెప్పే సగం నిజం. రాయిలో మొదట వున్న కిరణశక్తిలో నూటికి ఎనభైఐదు వంతులదాకా ఆ బురదలోనే మిగులుతుంది. రేడియం అందులోనే వుంది, 1600 ఏళ్ళకు సగమవుతుంది. ఆ రేడియంను పుట్టించే థోరియం కూడా అందులోనే వుంది, దానికి 75 వేల ఏళ్ళు. అంటే ఆ చెరువు అణుచెత్త గోడౌనే, కాకపోతే పైన కప్పు లేదు.

చెరువు ముసలిదైతే ఏమవుతుందో సీమవాళ్ళకు చెప్పాలా? కట్ట కుంగుతుంది, ఎలుక బొక్కలు పడతాయి, తుంగ మొలుస్తుంది. పదేళ్ళకొకసారి వచ్చే పెద్దవాన కట్టను వెతుక్కుంటూ వస్తుంది. వానలేని ఏడు పైమట్టి ఎండి దుమ్మై లేస్తుంది. అడుగున పరిచిన పరుపు చీలితే నీళ్ళు బోర్లలోకి దారి చేసుకుంటాయి. బోర్లు చెడ్డాయని, అరటి తోటలు దెబ్బతిన్నాయని ఆ చుట్టూ వున్న ఊళ్ళవాళ్ళు ఏళ్ళుగా చెప్తున్నారు. చెరువు అడుగున షరతుల ప్రకారం పరుపు వేశారా లేదా అని 2018లో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి నోటీసు కూడా ఇచ్చింది. అంతా నిబంధనల ప్రకారమే వుందని సంస్థ చెప్తూ వచ్చింది. ఎవరు నిజమో తేల్చడానికి పెద్ద చదువక్కర్లేదు. బయటి ల్యాబువాళ్ళు, ఊరివాళ్ళ ఎదుట, ప్రతి బోరులో నీళ్ళు తీసి పరీక్షించి లెక్క గోడమీద రాస్తే చాలు. ఆ ఒక్కటి ఎందుకు జరగదు?

ఇట్లాంటి కట్ట తెగితే ఏమవుతుందో కూడా జరిగి చూసిందే. అమెరికాలో చర్చ్ రాక్ అనే చోట 1979 జులై 16న యురేనియం బురద చెరువు కట్ట తెగింది. 1100 టన్నుల బురద, 9 కోట్ల గ్యాలన్లకు పైగా విషపు నీళ్ళు వంకలోపడి పారాయి. ఆ వంకలో గొర్రెలకు నీళ్ళు పట్టుకునేవాళ్ళు నవహో ఆదివాసులు. ఆ కట్ట అప్పటికి కట్టి రెండేళ్ళు. జార్ఖండులో జాదూగూడ ఆదివాసులదీ ఇదే గోడు. అక్కడ 2006 డిసెంబరులో బురద గొట్టం పగిలి వాగులోకి పారింది.

ఢిల్లీ మాయాపురి సంగతి గుర్తుచేసి ముందుకు పోతాం. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో 1968లో కొన్న ఒక కోబాల్టు పరికరం వుండేది. 1985 తర్వాత వాడకుండా గదిలో మూలపడేశారు. వాడిన ప్రొఫెసర్లు పోయారు, లోపలేముందో తెలిసినవాళ్ళు లేకుండా పోయారు. 2010లో పాతసామాను వేలంలో తుక్కువాళ్ళకు అమ్మేశారు. మాయాపురి తుక్కు అంగట్లో దాన్ని సుత్తెలతో పగలగొట్టారు. ఒక కార్మికుడు చచ్చిపోయాడు, ఏడుగురు ఆస్పత్రి పాలయ్యారు. చెత్తకు వయసు రావడమంటే ఇదే. ఇనుము తుప్పుపట్టడం ఒకటే కాదు, జ్ఞాపకం తుప్పుపడుతుంది. చదువుల గుడిలోనే ఇరవైఐదేళ్ళకు మర్చిపోయారు. వేల ఏళ్ళు గుర్తుపెట్టుకుంటామని ఎవరికి చెప్తున్నారు? మర్చిపోయింది పెద్దచదువులవాళ్ళు, సుత్తె పట్టుకున్నది ఎవరో చెప్పక్కర్లేదు.

మనలోనే ఒక వాదన వుంది, దాన్ని దాటేసిపోవడం మర్యాద కాదు. కరెంటు వద్దంటారా, ఫ్యాక్టరీ వద్దంటారా, అడవిలోకి పొమ్మంటారా అని చదువుకున్న మన పిల్లలు అడుగుతారు. వద్దనం. 1942నుంచి 46దాకా బాబాసాహెబ్ వైస్రాయి మండలిలో కార్మిక సభ్యుడుగా వున్నప్పుడు దేశానికి విద్యుత్తు విధానం గురించి ఆలోచించింది ఆయన శాఖే. చవక కరెంటు, నదుల మీద ప్రాజెక్టులు, పరిశ్రమలు రావాలని కోరినవాడాయన. పల్లెను పట్టుకు వేలాడమని ఆయన ఏనాడూ చెప్పలేదు. మనమూ చెప్పడంలేదు. పైగా ఇవాళ అణుకేంద్రాలన్నీ మూసేసినా, పుట్టిన చెత్త పుట్టనే పుట్టింది. దాన్ని ఎవరో ఒకరు చూడాల్సిందే. కాబట్టి కావాలా వద్దా అన్న ఒక్క ప్రశ్నతో ఈ విషయం తెగదు. చూసేదెవరు, ఏ జీతానికి, ఏ రక్షణతో, ఎవరి లెక్కతో? అదీ ప్రశ్న.

ఇక్కడే మాకు భయం. అణుచెత్త గురించి రాసే పెద్దపెద్ద శాస్త్రజ్ఞులు, వేల ఏళ్ళు నిలబడే సంస్థ ఒకటి కావాలి, తరం తర్వాత తరం కాపలా అప్పజెప్పాలి అంటారు. దేశాలు నిలవవు, కంపెనీలు నిలవవు, మఠంలాంటిదేదో కావాలంటూ పుస్తకాలు రాశారు. అయ్యా, అట్లాంటి సంస్థ ఈ దేశంలో ఒకటుంది! రెండువేల ఏళ్ళుగా కాగితం లేకుండా, జీతం లేకుండా, పుట్టుకతోనే చెత్త పని అప్పజెప్పే సంస్థ. దాని పేరు కులం. మనిషిచేత మలం ఎత్తించరాదని 1993లో ఒక చట్టం, సెప్టిక్ ట్యాంకులో మనిషిని దించరాదని 2013లో ఇంకో చట్టం చేశారు. దిగి చచ్చినవాళ్ళ కుటుంబాలకు పరిహారం 10 లక్షలని 2014లో, 30 లక్షలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. చట్టాలు పెరిగాయి, పరిహారం పెరిగింది, దిగేవాళ్ళు మారలేదు. రేపు ముసలి టాంకుల్లో, కారే తొట్లలో దిగాల్సిన రోజు, కాంట్రాక్టరు బండి ఏ వాడముందు ఆగుతుంది?

ఉద్యోగాలొస్తాయంటారు. రానీ. వచ్చిన ఉద్యోగం ఎట్లాంటిదో అడగాలి. పర్మినెంటు ఉద్యోగి ఛాతీమీద మోతాదు కొలిచే బిళ్ళ వుంటుంది, ఆయన లెక్క దస్త్రంలో వుంటుంది. ఐదేళ్ళ సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు దాటరాదని నియమం. బయటి జనానికైతే ఒక్క మిల్లీసీవర్టు. కాంట్రాక్టు మీద మూడు నెలలు పనిచేసి ఇంకో కాంట్రాక్టరు దగ్గరికి పోయే మన కుర్రాడి బిళ్ళ లెక్క ఎవరి బీరువాలో వుంటుంది? పదేళ్ళకు వాడికి రక్తంలో జబ్బొస్తే ఏ కాగితం చూపిస్తాడు? వాడి మోతాదు పుస్తకం వాడి చేతిలో వుండాలి, రేషను కార్డులాగా. పని మానేశాక కూడా జీవితాంతం వైద్యం జరగాలి. ఇది దయ కాదు, కూలి.

లెక్కల సంగతి ఇంకొకటి. 1984 దాకా మన భూమి ఎంతో, ఏ గట్టుదాకానో తెలియాలంటే కరణం కట్ట విప్పాలి. కరణం ఇంట్లో కూచుని రాసిందే సరిహద్దు. ఇప్పుడు మన బోరులో ఏముందో తెలియాలంటే ఢిల్లీ, ముంబాయి కరణాలు కట్ట విప్పాలి. 1962 చట్టం పేరు చెప్పి దశాబ్దాలపాటు కట్ట విప్పలేదు. దేశ రహస్యమట. బాంబు రహస్యమైతే కావొచ్చు, మా నీళ్ళు ఎట్లా రహస్యమవుతాయి?

శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలం కొవ్వాడలో ఆరు పెద్ద రియాక్టర్లు పెడతామంటున్నారు, ఒక్కోటి 1208 మెగావాట్లు. భూమి, ఇళ్ళు, పరిహారం గురించి చాలా మాట్లాడారు. కాలిపోయిన ఇంధనం ఏళ్ళ తరబడి అక్కడి నీళ్ళ తొట్లలోనే వుంటుంది గదా, దాని గురించి మత్స్యకారుల వాడల్లో ఎవరన్నా కూచోబెట్టి చెప్పారా? నల్లమలలో చెంచులు, ఊళ్ళవాళ్ళు కదిలితే 2019 సెప్టెంబరులో తెలంగాణ అసెంబ్లీ యురేనియం తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. అంటే అడిగితే వినక తప్పని రోజులూ వుంటాయి.

అందుకని వేముల మండలంలోగానీ, కొవ్వాడలోగానీ, రేపు ఇంకో చోటగానీ గ్రామసభ పెట్టినప్పుడు, ప్రజాభిప్రాయ సేకరణ పెట్టినప్పుడు మనవాళ్ళు ముందు వరసలో కూచోండి. పరిహారం ప్రశ్న ఎట్లాగూ అడుగుతారు. దానితోపాటు ఇవి కూడా అడిగి మినిట్స్‌లో రాయించండి. జ్వరం మందు సీసా మీద తయారైన తేదీ, చెల్లే తేదీ వేస్తారు. ఈ టాంకుకు, ఈ తొట్టికి, ఈ కట్టకు చెల్లే ఏడు ఏది? చెల్లాక కొత్తది కట్టే డబ్బు ఇవాళ ఏ బ్యాంకులో, ఎవరి పేరున వుంది? నీళ్ళ లెక్క ప్రతి నెలా తెలుగులో పంచాయతీ గోడమీద ఎవరు రాస్తారు? కాంట్రాక్టు కూలీల మోతాదు పుస్తకం ఎవరి చేతిలో వుంటుంది? మాలపల్లె, మాదిగపల్లె, బెస్తవాడ బోర్లలో ఇవాళే, పని మొదలుకాకముందే, నీళ్ళు తీసి పరీక్షించి కాగితం ఇస్తారా? ఆ కాగితం లేకపోతే రేపు నీళ్ళు చెడినరోజు ముందునుంచీ ఇట్లాగే వున్నాయంటారు. జవాబు రాతమూలకంగా తీసుకోండి. సంతకం, హోదా, తేదీ వుండేట్టు చూడండి. ఒక నకలు బడిలో, ఒకటి పంచాయతీలో, ఒకటి సంఘం దగ్గర పెట్టండి.